పేగు వ్యాధికి ఆర్‌ఎన్‌ఏ మందు వచ్చిందా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. మూడేళ్ల నుంచి క్రోన్స్ వ్యాధితో బాధపడుతూ, దేవరకొండ నుంచి హైదరాబాద్ దవాఖానకు తిరుగుతున్నాడు. జన్యువును పనిచేయకుండా ఆపే ఆర్‌ఎన్‌ఏ మందుతో ఇది పూర్తిగా నయమవుతుందనీ, డబ్బు కడితే ప్రయోగ చికిత్సలో చేర్చుకుంటామనీ ఒకరు చెబుతున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, పేగులో దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధికి ఆమోదం పొందిన ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ (జన్యువు పనిని ఆపే పద్ధతి) మందు ఏదీ ఇంకా లేదు. అయితే ఆ పద్ధతి మాత్రం నిజమైనదే. మన జన్యువులు తహసీల్ కార్యాలయంలోని అసలు రికార్డు వంటివైతే, కణం ప్రొటీన్ తయారీకి వాడుకునే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ దాని నకలు వంటిది. ఈ మందు అసలును ముట్టుకోకుండా ఆ నకలును మాత్రమే తెగ్గొడుతుంది. కణం మళ్లీ కొత్త నకళ్లు తీస్తూనే ఉంటుంది కాబట్టి మందును కూడా మళ్లీ మళ్లీ ఇవ్వవలసి వస్తుంది. సూక్ష్మమైన నులిపురుగుల్లో దీన్ని 1998లో వివరించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమతి లభించింది. ఈ పద్ధతిలో తయారై 2018లో అమెరికాలో ఆమోదం పొందిన తొలి మందు పాటిసిరాన్.

ఆ మందు పనిచేసేది కాలేయంలో. రక్తంలోకి ఎక్కించిన, మందును మోసే సూక్ష్మ కణికలను కాలేయం సులభంగా పట్టుకుంటుంది. అందుకే హెపటైటిస్-బి వంటి కాలేయ వ్యాధులపై ఈ పరిశోధన బాగా ముందుకు సాగింది. పేగు సంగతి వేరు. నోటితో ఇస్తే జీర్ణాశయంలోని ఆమ్లం, ఎంజైములు ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేస్తాయి. వాటిని తప్పించుకున్నా పేగు లోపలి జిగురు పొరను దాటి, వాచిన చోటి కణాల్లోకి చేరాలి. వాపును పెంచే టీఎన్‌ఎఫ్ ప్రొటీన్ తయారీని ఈ విధంగా తగ్గించి ఎలుకల్లో మంచి ఫలితాలు సాధించారు. కానీ ఎలుకలో గెలిచినది మనిషిలోనూ గెలుస్తుందని చెప్పలేము. దీనికి దాయాది వంటి, మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏనే అడ్డుకునే యాంటీసెన్స్ పద్ధతిలో తయారైన మాంగర్సెన్ మాత్రలు క్రోన్స్ రోగులలో తొలుత ఎంతో ఆశ కలిగించినా, పెద్ద ప్రయోగంలో ప్రయోజనం కనిపించక 2017లో ఆపివేశారు.

కనుక తమ్ముడు ఇప్పుడు వాడుతున్న మందులను ఈ ఆశతో మానకూడదు; మానితే వ్యాధి తిరగబెట్టి, పేగు సన్నబడి ఆపరేషన్ దాకా పోవచ్చు. మన ప్రాంతంలో పేగు క్షయ అచ్చంగా క్రోన్స్ లాగే కనిపిస్తుంది, పైగా క్రోన్స్‌కు వాడే, టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు దాగి ఉన్న క్షయను లేపగలవు. కాబట్టి క్షయ పరీక్షలు జరిగాయో లేదో తప్పక అడగండి.

కొత్త మందును పరీక్షించే ప్రయోగంలో ఆ మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. డబ్బు అడుగుతున్న వ్యక్తిని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా (మందుల ప్రయోగాలను నమోదు చేసే ప్రభుత్వ పట్టిక)లోని నమోదు సంఖ్య అడిగి, దాన్ని మీ డాక్టరుకు చూపించండి. ఆ సంఖ్య ఇచ్చినా ఇవ్వకపోయినా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.