కుక్క తిరిగే పెరట్లో ఏ పచ్చిక నిలుస్తుంది?

ప్రశ్న: పెరట్లో 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు జాగాలో మెక్సికన్ గడ్డి పరిపించాం. మా ఆడ లాబ్రడార్ మూత్రం పోసిన చోటల్లా మచ్చలు. గోడ వెంబడి గడ్డే లేదు. మళ్లీ గడ్డి కొనకుండా, తక్కువ పనితో పచ్చగా ఉండే దారి చెప్పండి.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మచ్చని వంగి చూడండి. నడుమ ఎండు పరకలు, చుట్టూ ముదురాకుపచ్చ వలయం ఉంటే అది మూత్రం పనే. నత్రజని, లవణాలు నడుమ ఎక్కువై మాడుస్తాయి, అంచున పలచబడి ఎరువవుతాయి. ఆడకుక్క కూర్చుని అంతా ఒకేచోట పోస్తుంది కాబట్టి మచ్చ పెద్దది. మెక్సికన్ గడ్డి నెమ్మదిగా సాగుతుంది, పోయినచోట త్వరగా పూడదు.

దాని బదులు బొక్కెనాకు వేయండి. కాలువ గట్ల మీద నేలకి అంటుకుని పాకే తీగే ఇది. కణుపు కణుపుకీ వేరు పోస్తుంది కనుక ఒకచోట మాడినా పక్క తీగ వచ్చి కప్పేస్తుంది. చవుడునీ తట్టుకుంటుంది.

గోడ పక్క బాటని మాత్రం కుక్కకే వదిలేయండి. కాపలా తిరిగే ఆ దారిలో ఏ మొక్కా బతకదు. 2 అడుగుల వెడల్పున 3 అంగుళాల మందం గుండ్రటి గులకరాళ్లు పోయండి. కంకర అంచులు పాదాలు కోస్తాయి. రాళ్లు మింగే అలవాటుంటే బాటని మట్టిగానే ఉంచండి.

మిగిలిన 360 చదరపు అడుగుల్లో పాత గడ్డిని వేళ్లతో తీసేసి, 4 అంగుళాలు తవ్వి, 25 కిలోల వర్మీకంపోస్టు బస్తాలు 7 కలపండి. తొలకరి పడ్డాక మూడు కణుపుల ముక్కలు అడుగు ఎడంగా, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. నేల కప్పడానికి 2, 3 నెలలు పడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పచ్చగా కనబడగానే మూడో వారంలో కుక్కని వదులుతారు, వేరు పట్టని తీగలన్నీ గోళ్లకి లేచి వస్తాయి. జాగాని రెండు సగాలు చేసి, నాటిన సగానికి గట్టిగా కంచె కట్టి, అది కప్పాకే రెండోది నాటండి.

ఒక్క విషయం దయచేసి మరవద్దు: ఆముదపు పిండి ఎరువుగా వేయకండి. కుక్క తవ్వుకుని తింటుంది, అందులోని రిసిన్ అనే విషం ప్రాణం తీస్తుంది. కలిపి అమ్మే సేంద్రియ ఎరువుల్లో అది ఉందేమో అడిగి కొనండి. తిన్నదని అనుమానం వస్తే వాంతుల కోసం ఎదురుచూడకుండా, ఆ సంచీతో సహా పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తండి. పెరట్లో గన్నేరు, సైకస్ ఉన్నా తీసేయండి, అవీ కుక్కకి విషమే.

తర్వాత పని కొద్దే. మూత్రం పోసిన వెంటనే రెండు మగ్గుల నీళ్లు గుమ్మరించండి. పూలకి తేనెటీగలు వస్తాయి, కుక్క ముట్టెతో కెలుకుతుంది. అందుకే పూత మొదలైనప్పుడల్లా 2 అంగుళాల ఎత్తుకి కత్తిరించండి. పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి, ఆ పగుళ్లని సిమెంటుతో పూడ్చండి.

ప్రశ్న: ప్లాస్టిక్ గడ్డి పరిస్తే గొడవ ఉండదు కదా?
– మరో పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఎండలకి వద్దు. మధ్యాహ్నం అది పాదాలు కాలేంత వేడెక్కుతుంది. మూత్రం అడుగున నిలిచి కంపు కొడుతుంది, రోజూ కడగాలి. ఇప్పటికే పరిచి ఉంటే అరచేతి వెనక భాగాన్ని 7 సెకన్లు దానిమీద ఆనించండి. మీరు ఓర్చుకోలేకపోతే కుక్కని వదలకండి.