ఢిల్లీ ‘తిలంగాలు’ తెలుగువారేనా?

సందేహం: 1857 నాటి ఢిల్లీ గురించిన ఒక ఉర్దూ వృత్తాంతాన్ని తెలుగు చేస్తున్నాను. మీరట్ నుంచి వచ్చిన సిపాయిలను అందులో పదేపదే ‘తిలంగే’ అన్నారు. ‘తెలంగాణ సైనికులు’ అని రాస్తే మిత్రులు తప్పంటున్నారు. ఆ మాట మనదే కదా? ఏమని రాయాలి?

సమాధానం: మాట మనదే, మనుషులు మాత్రం మనవారు కారు. 1857 మే 10న మీరట్‌లో తిరగబడి మర్నాటికి ఢిల్లీ చేరిన సిపాయిలు ఈస్టిండియా కంపెనీ వారి బెంగాల్ సైన్యంలోనివారు. ఆ సైన్యపు కాల్బలంలో అధికభాగం అవధ్, బీహారు ప్రాంతాల బ్రాహ్మణులు, రాజపుత్రులు. తూర్పు నుంచి వచ్చినవారు కనుక వారికి ‘పూర్బియాలు’ అనే పేరు కూడా ఉండేది. తెలుగు నేలతో ఏ సంబంధమూ లేని ఈ మనుషులకు తెలుగు దేశపు పేరు ఎలా అంటుకున్నదో తెలియాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

ఢిల్లీ సుల్తానుల కాలం నుంచీ పారశీక చరిత్రకారులు ఓరుగల్లు రాజ్యాన్ని ‘తిలంగ్’ అని పేర్కొంటూ వచ్చారు. ఆ దేశపు మనిషి ‘తిలంగా’. పద్దెనిమిదో శతాబ్దిలో ఈ మాటకు కొత్త అర్థం రావడానికి కారణం ఐరోపా వర్తకుల పోటీ. మొదట కొఠీల కాపలాకు బంట్రోతులను పెట్టుకున్న కంపెనీలు, కోరమండల్ తీరంలో ఒకరితో ఒకరు తలపడే నాటికి స్థానికులకు ఐరోపా పద్ధతిలో కవాతు నేర్పసాగాయి. 1746లో అడయారు దగ్గర ఫ్రెంచివారి చిన్న దళం, అందులో ఎక్కువమంది సిపాయిలే, ఆర్కాటు నవాబు పంపిన పెద్ద సైన్యాన్ని చెదరగొట్టిన తరువాత ఈ పద్ధతి విలువ అందరికీ తెలిసివచ్చింది. ఇంగ్లీషువారూ అదే దారి పట్టారు.

1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నప్పుడు దాన్ని తిరిగి సాధించడానికి క్లైవు మద్రాసు నుంచి ఓడల్లో తీసుకువెళ్లిన బలగంలో సుమారు 1500 మంది సిపాయిలు ఉన్నారు. వారిలో తమిళులు, తెలుగువారు, ముస్లింలు అందరూ ఉన్నా, బెంగాల్ జనం కంటికి ఆ దక్షిణాదివారంతా ‘తిలంగా’లే. 1757 ఆరంభంలో క్లైవు అక్కడే ఉత్తరాదివారిని చేర్చుకుని, వారికి ఎర్రకోటు తొడిగి ‘లాల్ పల్టన్’ను ఏర్పరచినప్పుడు కోటూ కవాతూ వారికి సంక్రమించినట్లే ఆ పేరు కూడా సంక్రమించింది. దేశవాచకం వృత్తివాచకంగా మారిన ఘట్టం ఇదే. తరువాత అవధ్ నవాబు ఆ తీరున తయారు చేసుకున్న పటాలాలనూ ‘తిలంగా’లే అన్నారు, నేపాలీలోనూ ఈ మాట సైనికుడనే అర్థంతో స్థిరపడింది. అక్కడ దాన్ని విని ‘గూర్ఖాలలో తెలుగువారు’ అని వ్యాసం రాసేవారు మనలో లేకపోలేదు!

కనుక మీ అనువాదంలో కథనభాగంలో ‘సిపాయి’ అని రాయండి. ఢిల్లీవాసి నోట వచ్చిన మాటగా ఉన్నచోట ‘తిలంగా’ అనే ఉంచి, మొదటిసారి మాత్రం ‘కంపెనీ సిపాయిలను అక్కడివారు అలా పిలిచేవారు’ అని ఒక వాక్యం చేర్చండి. ఆ పిలుపులో నగరవాసికి ఈ పరాయి ఊరి సైనికులపై ఉన్న చిరాకు కూడా కొంత ధ్వనిస్తుంది, అన్నిచోట్లా ‘సిపాయి’ అని మారిస్తే ఆ ధ్వని పోతుంది. బహువచనం విషయంలో జాగ్రత్త అవసరం. ‘తిలంగే’ అన్నది ఉర్దూలో బహువచన రూపమే కనుక దానికి మళ్లీ ‘లు’ చేర్చి ‘తిలంగేలు’ అనకూడదు. ‘తిలంగా’కు చేర్చి ‘తిలంగాలు’ అనాలి. ప్లాసీ యుద్ధకాలపు రచన అయితే మాత్రం నిజంగానే దక్షిణాదివారు కావచ్చు, అక్కడ సందర్భం చూసి నిర్ణయించుకోవాలి.

తెలుగు నేల మీద సిపాయిలు తిరగబడిన ఘటన కోసమే వెదుకుతున్నట్లయితే, అది మీరట్ కన్నా 77 ఏళ్లు ముందే విశాఖపట్నంలో జరిగింది. హైదరాలీపై యుద్ధానికి ఓడెక్కి మద్రాసు పొమ్మన్నప్పుడు 1780 అక్టోబరులో అక్కడి కంపెనీ సిపాయిలు నిరాకరించి తమ దొరలపైనే తుపాకులు ఎత్తారు.