అంచు ముందే చూసుకో

చిట్టితల్లికి,

ఈ ఏడాదంతా కంపోజిషన్ మీదే, అంటే బొమ్మలో ఏది ఎక్కడుండాలో కుదుర్చుకోవడం మీదే కూర్చుంటావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకటే సంతోషం. నీ వయసులో అందరూ కళ్ళూ ముక్కులూ వేళ్ళూ కుదిరితే చాలనుకుంటారు. బొమ్మ మొత్తం ఎలా నిలబడుతుందో చూడాలని నీకు తోచింది. అయితే ఆవిడే ఇంకో మాట కూడా అంది: "వేసేశాక ట్యాబ్‌లో అటూ ఇటూ కత్తిరించుకుంటుంది అన్నయ్యా, ఏదో ఒకలా కుదిరిపోతుంది" అని. అక్కడ మొదలైంది నాకు టెన్షన్.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పెద్ద బొమ్మకు ముందు అగ్గిపెట్టెంత నమూనాలు నాలుగైదు వేసుకో. నలుపు, తెలుపు, మధ్యలో ఒక బూడిద రంగు చాలు. కళ్ళు సగం మూసి చూడు. కాగితాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే మూడో వంతు గీతలు కావాలంటే గీసుకో, వాటికి దణ్ణం పెట్టక్కర్లేదు.

ఇక కత్తిరింపు సంగతి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' చూశావు కదా, ఒక కెప్టెనూ ఆయన దళమూ ఉన్న బొమ్మ. నువ్వు చూసింది మొత్తం బొమ్మ కాదు. 1715లో దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాలుకు మార్చినప్పుడు, గోడకు పట్టలేదని నాలుగు వైపులా కోసేశారు. ఎడమవైపే దాదాపు 60 సెంటీమీటర్లు పోయింది, దాంతో పాటు అక్కడి మనుషులూ పోయారు. కోసిన ముక్కలు మళ్ళీ దొరకలేదు. అదృష్టం కొద్దీ అంతకుముందే ఒకాయన చిన్న నకలు తీసి ఉంచాడు. దాని ఆధారంగా 2021లో పోయిన భాగాలను కంప్యూటర్‌తో తయారు చేసి పక్కన అమర్చారు. అప్పుడు చూడాలి! కెప్టెనూ ఆయన పక్కన పసుపు బట్టలాయనా నడిమధ్యన లేరు, కాస్త కుడికి ఉన్నారు. ఎడమవైపు జాగా ఉంది కాబట్టి ఆ గుంపు అంతా అటు కదలబోతున్నట్టే ఉంది. కోశాక వాళ్ళిద్దరూ మధ్యకి వచ్చి నిలబడిపోయారు. గీత ఒక్కటి కూడా మారలేదు, అంచు మారిందంతే.

"మరి డెగా?" అంటావు, నాకు తెలుసు. ఆ ఫ్రెంచ్ చిత్రకారుడి బొమ్మల్లో మనుషులు అంచు దగ్గర సగానికి తెగిపోతారు. ఆయన పని మధ్యలో కాగితం చాలకపోతే ముక్కలు అతికించి పెంచిన సందర్భాలూ ఉన్నాయి. మార్చుకో, ఎవరొద్దన్నారు? బొమ్మ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు మార్చుకో. అంతా అయిపోయాక, ఎక్కడో తేడాగా ఉందని అంచులు కోసి సర్దేసుకోవడం నాకు నచ్చదు. ఒకసారి అలవాటైతే, ఆ తేడా ఎక్కడుందో వెతకడం మానేస్తావు.

మా మాస్టారు వెనకనుంచి వచ్చి, బొమ్మలో ఖాళీగా వదిలిన చోట అరచెయ్యి కప్పేసేవారు. "ఇది లేకపోతే ఏం పోతుంది?" అనేవారు. జవాబు తట్టకపోతే నోరెత్తేవాళ్ళం కాదు. చెయ్యి తీశాక ఒక్కోసారి ఆ ఖాళీయే బొమ్మంతా మోస్తోందని తెలిసేది. నువ్వూ అట్టముక్కలు రెండు ఎల్ ఆకారంలో కోసుకుని, నమూనా మీద చట్రంలా పెట్టి జరుపుతూ చూడు. కుర్చీ గీస్తే కాళ్ళ మధ్య ఖాళీల ఆకారాలు ముందు గీయి.

రాత్రిళ్ళు స్క్రీన్ ముందు వంగి కూర్చోకు, మెడ పట్టేస్తుంది. చెప్పినా వినవనుకో.

పూర్తయిన బొమ్మలు నాకు పంపొద్దు. ముందు ఆ చిన్న నమూనాలు పంపు, కొట్టేసినవీ కలిపి.

మావయ్య