ఫిజీలో సముద్ర చదువు: ఎఫ్‌డీ తీయాలా, చెరువు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: భీమవరం దగ్గర రెండెకరాల రొయ్యల చెరువే మా ఆధారం. మత్స్య శాస్త్రంలో డిగ్రీ (బీఎఫ్‌ఎస్సీ) అయిన మా అమ్మాయి ఫిజీలోని యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్‌లో సముద్ర వనరుల నిర్వహణ మీద పీజీ చేస్తానంటోంది. మొత్తం 18 లక్షలవుతుందని లెక్క వేశాం. 14 లక్షల ఎఫ్‌డీ ఉంది. అది తీసేయాలా, చెరువు తాకట్టు పెట్టాలా? నా వయసు 54.

జవాబు: చెరువు జోలికి వెళ్లొద్దండీ. ఒక్క పంట పోతే కిస్తీ ఆగిపోతుంది. ఎఫ్‌డీ సంగతి తర్వాత. ముందు, చదువయ్యాక ఉద్యోగం ఎక్కడొస్తుందో చూడండి.

1968లో ఫిజీ రాజధాని సువాలో మొదలైన ఆ యూనివర్సిటీ ఫిజీ, కిరిబాటి, టువాలు, టోంగా వంటి 12 పసిఫిక్ ద్వీప దేశాల ఉమ్మడి సొత్తు. వాళ్లకు సముద్రమే ఖజానా. ట్యూనా చేపల వేటను కలిసి అదుపు చేసుకోవడానికి కొన్ని ద్వీప దేశాలు చేసుకున్న నౌరు ఒప్పందంలో ఉన్న కిరిబాటి, టువాలు లాంటి దేశాలు ఆ వేటకొచ్చే విదేశీ ఓడలకు వేట రోజులను అమ్ముతాయి. రోజుకు కనీస ధర 8,000 అమెరికన్ డాలర్లు. ఏ ఓడ ఎన్నాళ్లు వేటాడిందో, ఇంకా ఎంత చేప మిగిలిందో చూడటానికి సొంత మనుషులు కావాలి. వాళ్లను తయారు చేసుకోవడానికే ఈ చదువులు. అందుకే స్కాలర్‌షిప్పులూ సర్కారీ కొలువులూ ఎక్కువగా అక్కడి పౌరులకే. మీ అమ్మాయి విదేశీ విద్యార్థి ఫీజు కట్టి చదివి, చివరికి ఇక్కడి జీతంతోనే అప్పు తీర్చాల్సి రావచ్చు.

18 లక్షలు 10.5 శాతం వడ్డీకి, పదేళ్ల గడువుకు తీసుకుంటే నెలకు దాదాపు 24,300. మొదటి జీతం 40 వేలనుకున్నా సగం పైనే పోతుంది. చదువుకునే కాలపు వడ్డీ ఇందులో కలపలేదు.

నేనైతే ముందు ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) ప్రవేశ పరీక్ష రాయించి ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈకి ప్రయత్నించమంటాను. మత్స్య వనరుల నిర్వహణలో పీజీ (ఎంఎఫ్‌ఎస్సీ) అక్కడ ఉంది, ఖర్చు చాలా తక్కువ.

ఫిజీయే కావాలంటే ఎఫ్‌డీలోంచి 4 లక్షలే తీయండి. మిగిలిన 10 లక్షల ఎఫ్‌డీని హామీగా చూపి 10 లక్షల విద్యారుణం అడగండి. ఆ ఎఫ్‌డీ మీద వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. అమ్మాయి కట్టలేకపోతే మాత్రం పోయేది ఆ డబ్బే. పది లక్షల దగ్గర గిరి గీసింది అందుకే. ఇంకా తక్కువపడే 4 లక్షలకు స్కాలర్‌షిప్పో, పరిశోధన సాయమో ఖాయమయ్యేదాకా టికెట్ కొనొద్దు. కోర్సు నడిచినన్నాళ్లూ వడ్డీ నెలనెలా కట్టేయండి. బ్యాంకు విద్యారుణం నుంచి పంపే డబ్బుకు టీసీఎస్ (విదేశాలకు పంపేటప్పుడు ముందుగా వసూలు చేసే పన్ను) ఉండదు. పాత పన్ను విధానంలో ఉంటే కట్టిన వడ్డీకి 8 ఏళ్లు పన్ను మినహాయింపు దొరుకుతుంది. మన దేశంలో చదివేవాళ్లకిచ్చే కేంద్ర వడ్డీ రాయితీ మాత్రం దీనికి రాదు.

అక్కడ మనవాళ్లుంటారా అన్న బెంగ ఇంట్లో ఉంటే, 1903 నుంచి మద్రాసు మీదుగా చెరకు తోటలకు వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఉన్నారు. ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా ఫిజీ హిందీ.

ఫీజు కట్టేముందు ఆ విభాగానికి ఒక మెయిల్ పెట్టించండి: గత బ్యాచుల్లోని విదేశీ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ, ఏ పనిలో ఉన్నారని. సూటిగా జవాబు రాకపోతే అప్పు దరఖాస్తు ఇవ్వకండి.