ఓసీడీ ఉన్న పిల్లలకు సీబీటీ పని చేస్తుందా? మా అమ్మాయి విషయంలో జరిగినది

మీ అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడనీ, రాత్రి తలుపు గడియ పది పన్నెండు సార్లు చూసి వస్తే గానీ పడుకోవడం లేదనీ, కర్నూలులో మీరు చూపించిన డాక్టరు ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాల వల్ల ఒకే పనిని పదే పదే చేయించే మానసిక సమస్య) అని చెప్పి మందుతో పాటు సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మానసిక చికిత్స) కూడా చేయించమన్నారనీ రాశారు. మాటలతో రోగం తగ్గుతుందా, అది డబ్బు దండగ కాదా అని అడిగారు. సరైన పద్ధతిలో చేయిస్తే తగ్గుతుంది, కానీ అందులో మాటల పాలు మీరనుకుంటున్నంత ఉండదు. ఈ సంగతి తెలియడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మాది అనంతపురం. 2021లో మా అమ్మాయికి పదకొండేళ్లు. కరోనా రోజులు కావడంతో పదే పదే చేతులు కడుక్కునే పిల్లను ఎవరూ తప్పు పట్టలేదు. మా అత్తగారైతే ఇంత చిన్న వయసులోనే మనవరాలికి మడి తెలిసిందని మురిసిపోయారు. మా వీధికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. రెండు రోజులకు రావలసిన సంపు ఒక్క రోజులోనే అడుగంటుతుంటే, పైపు ఎక్కడో కారుతోందని మేస్త్రీని పిలిపించి గచ్చు తవ్వించాము. పైపు బాగానే ఉంది. పిల్ల స్నానాల గదిలో గంటన్నర ఉంటోందనీ, వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురు చిమ్ముతోందనీ, అది మా కంట పడకుండా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటోందనీ అప్పుడు గానీ తెలియలేదు.

మొదట వెళ్లిన కౌన్సెలింగ్ కేంద్రం పేరు చెప్పను, ఎందుకంటే వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆరు సిట్టింగులు ఎంతో ప్రేమగా మాట్లాడారు. నీటి విలువ చెప్పారు, మనసును అదుపులో పెట్టుకోమన్నారు, ఊపిరి తీసి వదలడం నేర్పారు, "నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయమ్మా, ఏమీ కాదు" అని ప్రతిసారీ ధైర్యం చెప్పి పంపారు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు నవ్వుతూ వచ్చేది, సాయంత్రానికి అంతకు ముందుకన్నా ఎక్కువ కడిగేది. ఓసీడీ ఉన్న బిడ్డకు "ఏమీ కాదు" అన్న మాట కూడా ఇంకోసారి చేతులు కడిగినట్టేనని, కాసేపు ఊరటనిచ్చి ఆ భయాన్నే బలపరుస్తుందని తరువాత అర్థమైంది.

ప్రభుత్వాసుపత్రిలోని మానసిక వైద్యుడు సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి, బెంగళూరులో పిల్లలకు చికిత్స చేసే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు పంపారు. ఆమె మొదటి రోజు ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి పిల్లలకు వాడే యేల్-బ్రౌన్ కొలమానంతో ప్రశ్నలు అడిగి, 40కి 27 అని రాసుకున్నారు. ఆ తరువాత పిల్లను బయట కూర్చోబెట్టి మమ్మల్ని అడగడం మొదలుపెట్టారు: పిల్ల కోసం తలుపులు ఎవరు తీస్తున్నారు, పిల్ల అడిగితే ఎవరు ఏమని జవాబు చెబుతున్నారు, ఇంట్లో ఏమేమి మార్చుకున్నారు అని. నేను పుస్తకాల అట్టలు డెట్టాల్ నీళ్లతో తుడుస్తున్నాను. మా వారు ఆఫీసు నుంచి రాగానే గేటు దగ్గరే చొక్కా మార్చుకుంటున్నారు. చిన్నవాడు అక్క మంచం ఎక్కకూడదు. ఇవన్నీ ఒక కాగితం మీద వరుసగా చూసుకున్నప్పుడు, రోగం చెప్పినట్టల్లా ఇల్లంతా నడుచుకుంటోందని మాకే సిగ్గనిపించింది.

ఆ సైకాలజిస్టు చేసిన చికిత్సను ఈఆర్పీ అంటారు. భయపడే వస్తువునో పరిస్థితినో కావాలని ఎదుర్కోవడం, ఆ తరువాత చేయాలనిపించే పనిని చేయకుండా ఆగడం అందులోని రెండు భాగాలు. 1966లో లండనులో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఇద్దరు రోగులతో ఈ దారి చూపించాడు. సీబీటీ అన్న పెద్ద గొడుగు కింద ఓసీడీకి పని చేసేది ముఖ్యంగా ఇదే. భయాలకు 0 నుంచి 10 దాకా మార్కులు వేసి, తక్కువ మార్కు వాటితో మొదలుపెట్టి మెట్లు మెట్లుగా పైకి వెళతారు. మెట్లు నిర్ణయించేది పిల్లే, బలవంతం ఉండదు.

మా అమ్మాయి నాలుగో మెట్టు ఇంట్లో వేసుకునే చెప్పు అడుగు. వసారాలో కూర్చుని రెండు వేళ్లతో దాన్ని తాకింది. నేను వంటింటి గడియారం పక్కన పెట్టుకున్నాను. తాకగానే భయం 7 అంది, పది నిమిషాలకు 8 అంది, కళ్ల నిండా నీళ్లు. "ఏమీ కాదు" అనకూడదని నాకు గట్టిగా చెప్పారు, "ఏమవుతుందో చూద్దాం" అనాలి. ఆ రెండు మాటలు పట్టుకుని కూర్చోవడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఇరవై అయిదు నిమిషాలకు 5 అయింది. నలభై నిమిషాలకు 2 అని, సాయంత్రం ఉగ్గాని చేస్తావా అని అడిగింది. మరునాడు అదే మెట్టు పదిహేను నిమిషాల్లో తేలిపోయింది. మూడో నెలలో బస్టాండులో ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకుని, కడుక్కోకుండా పొట్లంలోని బొరుగులు తినాలి. తినింది. నా చెయ్యే సంచిలోని శానిటైజరు సీసా మీదకు పోయింది, అది చూసి పిల్ల నవ్వింది.

ఇది మా ఒక్క ఇంటి అనుభవం మాత్రమే అయితే మీకు రాసేదాన్ని కాను. 2004లో అమెరికాలో ఏడు నుంచి పదిహేడేళ్ల వయసున్న 112 మంది ఓసీడీ పిల్లలను నాలుగు గుంపులుగా చీటీ తీసినట్టు విడదీసి, పన్నెండు వారాల పాటు చికిత్స చేసిన అధ్యయనం ఒకటి ఉంది. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వారిలో లక్షణాలు దాదాపు పోయినవారు నూటికి నలుగురు కూడా లేరు. సెర్ట్రలిన్ ఒక్కటే వాడిన వారిలో 21 శాతం, సీబీటీ ఒక్కటే చేసిన వారిలో 39 శాతం, రెండూ కలిపితే 54 శాతం. అంటే మందూ సీబీటీ పోటీదారులు కావు. రెండూ కలిపినా దాదాపు సగం మందికి కొంత మిగిలే ఉందన్నది కూడా చూసుకోండి. మా అమ్మాయి యేల్-బ్రౌన్ మార్కు పద్నాలుగో సిట్టింగు నాటికి 27 నుంచి 9కి వచ్చింది, పరీక్షల రోజుల్లో ఇప్పటికీ కాస్త తలెత్తుతుంది.

బోర్డు మీద సీబీటీ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, ఏ రోగానికి ఏది చేస్తున్నారన్నది ముఖ్యం. అదే సంవత్సరం వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్న 439 మంది యుక్తవయసు పిల్లల్లో సీబీటీ ఒక్కటే ఇచ్చిన వారిలో మెరుగైనది 43 శాతం, ఉత్తుత్తి మాత్రతో 35 శాతం. అక్కడ సీబీటీకి గట్టి ఫలితం ఫ్లూఆక్సెటిన్ అనే మందుతో కలిపినప్పుడే, 71 శాతం వచ్చింది. ఓసీడీ లెక్క వేరు, డిప్రెషన్ లెక్క వేరు.

తల్లిదండ్రుల పాత్ర గురించి అడగలేదు గానీ చెప్పాలి. యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన సమస్యలున్న 124 మంది పిల్లలతో చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక గుంపులో పిల్లలను అసలు కూర్చోబెట్టకుండా తల్లిదండ్రులకే శిక్షణ ఇచ్చారు. పిల్లలకు నేరుగా చేసిన సీబీటీకి ఆ ఫలితం తీసిపోలేదు. మీ అబ్బాయి "గడియ వేశానా నాన్నా" అని అడిగినప్పుడు "వేశావు" అని మీరు చెప్పే జవాబు కూడా చికిత్సలో భాగంగా తగ్గవలసినదే. అయితే రేపే తటాలున మానేయకండి. వాడికి ముందుగా చెప్పి, చికిత్స చేసేవారితో కలిసి ఒక్కొక్కటిగా మానాలి.

ఇక ఎవరి దగ్గరకు వెళ్లాలన్న సంగతి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. ఈఆర్పీ చేయిస్తారా, ఇంటికి ఏ పని ఇస్తారు, తగ్గిందో లేదో దేనితో కొలుస్తారు అని కూడా అడగండి. "మాట్లాడి ధైర్యం చెబుతాం" అన్నదే జవాబైతే లేచి రండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు. 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి దారి చూపుతారు. మేము మొదటి మూడు సిట్టింగులకే బెంగళూరు వెళ్లాము, మిగిలినవి వీడియోలో జరిగాయి. చెప్పు మా వసారాలోనే ఉంది కనుక అదే నయమైంది కూడా. మీ గడియ కూడా మీ ఇంట్లోనే ఉంది.

మందు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకండి. ఈలోగా వాడు రాత్రికి ఎన్నిసార్లు లేస్తున్నాడో, మిమ్మల్ని ఎన్నిసార్లు అడుగుతున్నాడో ఒక వారం పాటు క్యాలెండరులో తేదీ పక్కన రాసి పెట్టండి. మొదటి సిట్టింగులో వాళ్లు అడిగేది అదే.