హెడ్‌కౌంట్ పెరిగి ఎఫ్‌టీఈ తగ్గితే తప్పు క్వెరీదేనా?

ప్రశ్న: అమెరికాలో ఓ కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ల ప్రభుత్వ కాలేజీ) ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్ ఆఫీసులో, అంటే కాలేజీ గణాంకాలు చూసే విభాగంలో, కొత్తగా చేరాను. ఈ ఫాల్ సెమిస్టర్‌లో హెడ్‌కౌంట్ (చేరిన మనుషుల సంఖ్య) 5 శాతం పెరిగింది, ఎఫ్‌టీఈ (అందరి చదువు భారాన్నీ ఫుల్‌టైమ్ విద్యార్థుల లెక్కలోకి మార్చిన సంఖ్య) మాత్రం కాస్త తగ్గింది. డేటాబేస్ నుంచి ఈ అంకెలు లాగిన నా క్వెరీ తప్పా?

జవాబు: తప్పు కాకపోవచ్చు. ముందు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ వాళ్లని, అంటే హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్రెడిట్లు తీసుకునే పిల్లల్ని, విడదీసి చూడండి. చాలా కాలేజీల్లో గుట్టు అక్కడే ఉంటుంది.

ఉదాహరణకి ఓ లెక్క. పోయిన ఫాల్‌లో 6,000 మంది అనుకుందాం. ఈసారి ఫుల్‌టైమ్ వాళ్లు 200 మంది తగ్గారు, డ్యూయల్ పిల్లలు 500 మంది పెరిగారు. హెడ్‌కౌంట్ 6,300, అంటే 5 శాతం ఎక్కువ. ఇప్పుడు క్రెడిట్లు చూడండి. ఫుల్‌టైమ్ వాళ్లకి సగటున 13.5 క్రెడిట్లు, కాబట్టి పోయినవి 2,700. డ్యూయల్ పిల్లలకి సగటున 5, కాబట్టి వచ్చినవి 2,500. నికరంగా 200 క్రెడిట్లు తక్కువ. సెమిస్టర్‌కి 15తో భాగిస్తే 13 ఎఫ్‌టీఈ పోయినట్టే. మనుషులు పెరిగారు, చదివే క్లాసులు తగ్గాయి. రెండు అంకెలూ నిజమే.

ఇక ఎఫ్‌టీఈకి ఏ సూత్రం వాడారో పక్కనే రాసిపెట్టుకోండి. క్రెడిట్లని 15తో భాగించడం ఒక పద్ధతి. పబ్లిక్ రెండేళ్ల కాలేజీలకి పార్ట్‌టైమ్ వాళ్లని 0.335737తో గుణించి ఫుల్‌టైమ్ సంఖ్యకి కలపడం ఐపెడ్స్ (కాలేజీల నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం తీసుకునే గణాంకాలు) ఫాల్ లెక్క. ఐపెడ్స్ 12 నెలల సర్వేలో సెమిస్టర్ కాలేజీకి 30 క్రెడిట్లు ఒక ఎఫ్‌టీఈ. కాలిఫోర్నియాలో అయితే 525 కాంటాక్ట్ గంటలు (క్లాసులో గడిపే గంటలు) ఒక ఎఫ్‌టీఈ. ఇవి ఒకదానితో ఒకటి కలవవు, కలపడానికి ప్రయత్నించొద్దు కూడా.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది తేదీ దగ్గర. ఈ ఏడాది సంఖ్యని ఈ రోజు లైవ్ టేబుల్ నుంచి లాగి, పోయినేడాది సెన్సస్ రోజు (టర్మ్ మొదట్లో అధికారికంగా విద్యార్థుల్ని లెక్కించే రోజు) సంఖ్యతో పోలుస్తారు. సెన్సస్ తర్వాత డ్రాప్ అయినవాళ్లు, ఫీజు కట్టక పేరు తీసేసినవాళ్లు, ఆలస్యంగా చేరినవాళ్లు అందరూ కలగాపులగం అయిపోతారు. మీ విద్యార్థుల రికార్డుల సాఫ్ట్‌వేర్ బ్యానర్ అయినా పీపుల్‌సాఫ్ట్ అయినా సెన్సస్ రోజు రాత్రే టేబుల్‌ని ఫ్రీజ్ చేసి, అంటే ఉన్నదున్నట్టు కాపీ తీసి, తేదీతో పేరు పెట్టి దాచండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోకూడదు. టర్మ్ మధ్యలో పోల్చాల్సి వస్తే రెండేళ్లకీ 'క్లాసులు మొదలయ్యాక ఎన్నో రోజు' అన్న కొలతే వాడాలి, క్యాలెండర్ తేదీ కాదు.

మీ కాలేజీ 8 వారాల కోర్సులకి మారుతుంటే ఇంకో చిక్కు. అక్టోబర్ చివర మొదలయ్యే రెండో విడతలో మాత్రమే చేరేవాళ్లు ఫాల్ సెన్సస్‌కి దొరకరు. పిల్లలు ఎక్కడికీ పోలేదు, మన ఫొటో ముందే తీశాం, అంతే. అందుకే టర్మ్ చివర మరో ఫ్రీజ్ తీయండి, ఏడాది మొత్తానికి (జూలై 1 నుంచి జూన్ 30) ఒక్కో విద్యార్థిని ఒక్కసారే లెక్కించి చూడండి. ఒకే మనిషికి రెండు ఐడీలుంటే ఇక్కడ రెండుసార్లు పడతారు. పేరు, పుట్టిన తేదీ కలిపి ముందు ఓసారి వెతకండి.

ఆన్‌లైన్ సెక్షన్లలో హఠాత్తుగా పెరుగుదల కనిపిస్తే సంతోషించే ముందు ఆగండి. కాలిఫోర్నియా కాలేజీల్లో ఆర్థిక సాయం డబ్బు కోసం చేరిన నకిలీ విద్యార్థులు వేలల్లో బయటపడ్డారు. ఒకే ఫోన్ నంబరు, ఒకే చిరునామాతో ఎంతమంది ఉన్నారో చూడండి, మొదటి వారం ఏ పనీ చేయనివాళ్ల జాబితా అధ్యాపకులని అడగండి.

ట్రెండ్ గీత ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. 2010 చుట్టూ మాంద్యంలో ఉద్యోగాలు పోయినవాళ్లు కమ్యూనిటీ కాలేజీలకి పోటెత్తారు. 2020 ఫాల్‌లో పబ్లిక్ రెండేళ్ల కాలేజీల్లో చేరికలు దేశవ్యాప్తంగా సుమారు 10 శాతం పడిపోయాయి. 2020 నుంచి గీస్తే చాలా కాలేజీలు ఎదుగుతున్నట్టే ఉంటాయి, 2010 నుంచి గీస్తే కూలుతున్నట్టే. కనీసం 2019 నుంచి గీయండి. ముందుకి చూస్తే, అమెరికాలో జననాలు 2007లో గరిష్ఠానికి చేరి తగ్గాయి. 2007లో పుట్టిన పిల్లలకి 2025లో 18 నిండాయి, ఇక కాలేజీ వయసుకొచ్చేవాళ్లు తగ్గుతారు.

డీన్‌కి ఇచ్చే పట్టికలో మూడు వరుసలు చాలు: ఫుల్‌టైమ్, డ్యూయల్ కాని పార్ట్‌టైమ్, డ్యూయల్. ఒక్కో వరుసకీ మనుషులు, క్రెడిట్లు, తలకి సగటు క్రెడిట్లు, పట్టిక కింద ఫ్రీజ్ తేదీ.