పార్కులో ట్రాప్ కెమెరా పెట్టొచ్చా? ముందు ఆ గుడ్డు తీసేయండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా కాలనీ పార్కు చివర పొదల్లో పొద్దున ముంగిస, రాత్రిపూట పునుగు పిల్లి తిరుగుతుంటాయి. వాటిని చూడాలని ట్రాప్ కెమెరా (ఎదురుగా జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసేది) కొని వేపచెట్టుకు కట్టాను. దగ్గరికి వస్తాయని ముందు ఒక కోడిగుడ్డు పెట్టాను. నాలుగో రోజు వాచ్‌మన్ కెమెరా విప్పి పార్కు ఆఫీసులో ఇచ్చేశాడు. పైగా కేసు పెట్టిస్తానంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. అతని మీదే నేను దొంగతనం కేసు పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీరు పంపిన ఫొటో చాలాసేపు చూశాను. పునుగు పిల్లి ముందు కాళ్లతో గుడ్డును అదిమిపట్టి, తల పైకెత్తి చూస్తోంది. కళ్లు రెండు తెల్లటి చుక్కల్లా మెరుస్తున్నాయి. మన ఇళ్ల మధ్య ఇలాంటి జీవి ఇంకా బతుకుతోందంటే సంతోషంగా ఉంది. కానీ వకీలును కదా, నా చూపు ఆ గుడ్డు దగ్గరే ఆగిపోయింది.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 2(16) చదవండి. చంపడం ఒక్కటే వేట అనుకుంటాం. ఉచ్చు పన్నడం, తరమడం, ఎర వేయడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. ప్రయత్నించినా అంతే. ఫొటో కోసం వేసిన ఎరకు ఆ నిర్వచనంలో మినహాయింపు లేదు. చట్టం షెడ్యూళ్లలో, అంటే రక్షిత జీవుల జాబితాల్లో, ఉన్న జంతువులను వేటాడటాన్ని సెక్షన్ 9 నిషేధిస్తోంది. షెడ్యూల్ ఒకటిలోని జంతువైతే, ఉదాహరణకు నెమలి, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. మీ గుడ్డును ఏ కోర్టూ వేటగాడి ఉచ్చుతో సమానంగా చూడదనే నా నమ్మకం. అయినా కేసుకు దారి మీరే ఎందుకు ఇవ్వాలి? ఎర లేకపోయినా పిల్లి వస్తుంది. మట్టిలో అడుగుజాడలు, ఈత గింజలున్న రెట్ట ఎక్కడ కనిపిస్తాయో చూసి, ఆ దారి పక్కన కెమెరా కట్టండి.

కెమెరా కట్టడం నేరం కాదు. కాకపోతే చెట్టు మీది కాదు, పార్కు మీది కాదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌దో, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా)దో కనుక్కొని కమిషనర్ పేరనో, వైస్ చైర్మన్ పేరనో దరఖాస్తు రాయండి. ఏ చెట్టుకు, ఎంత ఎత్తులో, ఎటువైపు, ఎన్ని రోజులు కడతారో అందులో ఉండాలి. ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకుని కాపీ దాచుకోండి. ఈ సరదా రేపు పాకాల, ఏటూరునాగారం దాకా పోతే లెక్క వేరు. అవి అభయారణ్యాలు. అక్కడ ఫొటోలు తీయడానికి సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్ కావాలి.

మనుషుల సంగతి కూడా చెప్పాలి. కెమెరాలో వేడిని పసిగట్టే సెన్సర్‌కు పిల్లి వేడి, మనిషి వేడి ఒకటే. వాకింగ్‌కు వచ్చే ఆడవాళ్లు, బెంచీ మీద కూర్చున్న జంట అందరూ పడతారు. అందుకే మోకాలెత్తులో, నడకదారికి వీపు పెట్టి, పొదవైపు తిప్పి కట్టండి. మనుషుల ఫొటో పడితే అదే రోజు తీసేయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఒక మహిళ ఏకాంత దృశ్యాన్ని తీసినా, పంచినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 దాకా పోవచ్చు. మొదటిసారికే కనీసం ఏడాది జైలు.

ఇక వాచ్‌మన్. కెమెరా తన ఇంటికి తీసుకుపోలేదు, ఆఫీసులో అప్పగించాడు. దొంగతనానికి దురుద్దేశం ఉండాలి. ఇక్కడ అది లేదు, ఆ కేసు నిలవదు. దారిలో తెలియని కెమెరా కనిపిస్తే అతను చేయాల్సిన పనే చేశాడు. కొన్న బిల్లు, దరఖాస్తు కాపీ పట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. కెమెరా చేతికిచ్చినప్పుడు మెమరీ కార్డు ఉందో లేదో అక్కడే చూసుకుని సంతకం పెట్టండి.